అడవికి చెమట పడుతుంది

2019 ఆగస్టులో అమెజాన్ అడవులు తగలబడుతుంటే ప్రపంచమంతా ఒకే మాట తిరిగింది. భూమికి ఊపిరితిత్తులు కాలిపోతున్నాయని, మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అక్కడి నుంచే వస్తోందని. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కూడా సామాజిక మాధ్యమంలో అదే రాశారు. 2025లో హైదరాబాద్ అంచున కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం మొదలై, సుప్రీంకోర్టు కలగజేసుకుని ఆపించేదాకా మన దగ్గరా ఈ పోలికే వినిపించింది. బడి పిల్లల వ్యాసరచన పోటీ మొదలుకొని మంత్రుల ప్రసంగాల దాకా అడవి అంటే ఊపిరితిత్తులే.

ఈ పోలిక వెనక ఉన్న ప్రేమ నిజమైనదే. అయితే ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను తీసుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. పగటిపూట ఆకు చేసే పని దానికి పూర్తిగా తలకిందులు. అది చిన్న విషయమని వదిలేసినా, ఆ 20 శాతం లెక్క మాత్రం నిలబడదు. అమెజాన్ మనకు నికరంగా ఇచ్చే ఆక్సిజన్ దాదాపు సున్నా.

ఆక్సిజన్ ఎవరి ఆస్తి?

ఆకు సూర్యరశ్మితో చక్కెర తయారుచేసుకుంటుంది. ఆ పనిలో ఆక్సిజన్ బయటికి వస్తుంది. ఇంతవరకూ మనం బడిలో చదువుకున్నదే. బడిలో అంతగా చెప్పనిది రెండో సగం. చెట్టు కూడా బతకాలి. వేళ్లు, కాండం, ఆకులు రేయింబవళ్లు ఆ చక్కెరను కరిగించుకుంటూనే ఉంటాయి, దానికి ఆక్సిజన్ కావాలి. మిగిలిన చక్కెర ఆకుగా, కొమ్మగా, కాయగా మారి ఎప్పుడో ఒకప్పుడు నేల మీద రాలుతుంది. అక్కడ చెదపురుగులు, బూజులు, బ్యాక్టీరియా దాన్ని తిని కుళ్లబెడతాయి. వాటికీ ఆక్సిజన్ కావాలి. బాగా ఎదిగిన అడవిలో ఏడాది పొడుగునా పుట్టిన ఆక్సిజన్ దాదాపు అంతా ఆ అడవిలోనే ఖర్చయిపోతుంది.

మరి గాలిలో ఉన్న 21 శాతం ఎక్కడిది? కోట్ల ఏళ్లుగా మొక్కలూ, సముద్రంలోని సూక్ష్మ నాచులూ చచ్చాక, వాటిలో అతి స్వల్ప భాగం కుళ్లకుండానే బురదలో పూడిపోయింది. కుళ్లలేదు కాబట్టి ఆ మేరకు ఆక్సిజన్ ఖర్చు కాలేదు, గాలిలో మిగిలిపోయింది. అడవి ఏ రోజు కూలి ఆ రోజే తినేసే ఇల్లు. మనం పీల్చేది తాతముత్తాతలు కూడబెట్టిన ఆస్తి. ఆ ఆస్తి ఎంత పెద్దదంటే, భూమి మీద ఉన్న చెట్టూ చేమా మొత్తం కాల్చేసినా గాలిలోని ఆక్సిజన్ ఒక శాతం కూడా తగ్గదు.

బొగ్గుపులుసు వాయువు సంగతి వేరు. పారిశ్రామిక యుగానికి ముందు అది గాలిలో 0.028 శాతం, ఇప్పుడు 0.042 శాతం దాటింది. అసలే కొంచెంగా ఉన్నది కాబట్టి అడవి కాలినా, బొగ్గు మండినా దాని మట్టం ఇట్టే పెరుగుతుంది. ఆ పెరుగుదలే భూమిని వేడెక్కిస్తోంది. అడవి పోతే మనకు ఊపిరాడదన్న భయం అక్కర్లేదు. మనకు ముంచుకొచ్చేది జ్వరం.

ఇదంతా మాటల పట్టింపు కాదు. అవయవాన్ని తప్పుగా గుర్తిస్తే వైద్యం కూడా తప్పుతుంది. అడవి పని ఆక్సిజన్ ఇవ్వడమే అనుకుంటే ఏ చెట్టయినా ఒకటే. నల్లమలలో ఒకటి కొట్టి రోడ్డు పక్కన పది నాటితే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అడవుల పేరుతో మనం చేస్తున్న లెక్కల్లో చాలా భాగం ఈ తప్పు పోలిక మీదే నడుస్తోందని నా నమ్మకం.

ఆకు మీది నోళ్లు

చెట్టు వేళ్లతో తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా తన దగ్గర ఉంచుకోదు. ఆకు అడుగున కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి, వాటిని పత్రరంధ్రాలంటారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలంటే అవి తెరుచుకోక తప్పదు. తెరుచుకున్నప్పుడల్లా లోపలి తేమ ఆవిరై వెళ్లిపోతుంది. పోయిన తేమ స్థానంలోకి కింది నుంచి నీరు ఎగబాకుతుంది. వేరు కొస నుంచి ఆకు కొస దాకా సన్నని గొట్టాల్లో తెగని దారంలా నీరు నిలబడి ఉంటుంది. పైన ఒక బిందువు ఆవిరైతే కింద ఒక బిందువు లోపలికి వస్తుంది. పంపు లేదు, కరెంటు లేదు. సూర్యుడే లాగుతున్నాడు.

నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని ఆకు నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. అందుకే ఎర్రటి ఎండలో తారు రోడ్డు మీద కాలు పెట్టలేం గానీ ఆ పక్కనే ఉన్న చెట్టు ఆకు పట్టుకుంటే చేయి కాలదు. మన ఒంటి మీద చెమట చేసేది అచ్చంగా ఇదే. నీడ సగం సాయం, చెమట సగం సాయం. రేకుల షెడ్డు నీడకూ మర్రి నీడకూ తేడా ఆ రెండో సగంలోనే ఉంది.

*పెట్టెలో లెక్క: వంద లీటర్ల నీరు, ఒక ఏసీ*
*ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి, సుమారు 0.68 యూనిట్ల కరెంటుతో సమానం. నేలలో తేమ ఉన్నప్పుడు ఒక పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్ల నీటిని తేలిగ్గా ఆవిరి చేస్తుంది. అంటే 68 యూనిట్ల వేడి. టన్నున్నర ఏసీ గంటకు సుమారు 5 యూనిట్ల వేడిని గదిలోంచి బయటికి తోస్తుంది. కాబట్టి ఆ చెట్టు ఒక్క రోజు పని, ఏసీ 13 గంటల పని. ఏసీ గదిలోని వేడిని వీధిలోకి పంపుతుంది. చెట్టు ఆ వేడిని ఆవిరిలో దాచి మబ్బుల ఎత్తుకు చేరుస్తుంది.*

వడదెబ్బ తగిలిన మనిషిని చూసిన వైద్యులకు ఒక గుర్తు బాగా తెలుసు. ఒళ్లు నిప్పులా కాలుతుంటుంది, చర్మం మాత్రం పొడిగా ఉంటుంది. చెమట ఆగిపోయిందంటే శరీరం చేతులెత్తేసిందని అర్థం. చెట్టుకూ ఆ స్థితి వస్తుంది. నేలలో తడి అందకపోతే ఎండిపోకుండా కాపాడుకోవడానికి చెట్టు తన పత్రరంధ్రాలు మూసుకుంటుంది. ఆ క్షణం నుంచి చల్లదనం ఆగుతుంది, ఆకు వేడెక్కుతుంది, బొగ్గుపులుసు వాయువును తీసుకోవడమూ తగ్గిపోతుంది. ఒక చెట్టుకు ఇలా అయితే ఒక ఆకు మాడుతుంది. ఒక ప్రాంతపు అడవికంతా అయితే ఆకాశమే మారుతుంది.

వాన నీటిని తూచిన సలాటి

1970లలో ఎనేయాస్ సలాటి అనే బ్రెజిల్ శాస్త్రవేత్తకు ఒక ప్రశ్న వచ్చింది. అమెజాన్‌కు వానలు అట్లాంటిక్ సముద్రం నుంచి వస్తాయి. తీరం నుంచి వేల కిలోమీటర్ల లోపల, ఆండీస్ కొండల దగ్గర కూడా కుంభవృష్టి కురుస్తుంది. దారంతా కురుస్తూ వచ్చిన మబ్బులో అంత నీరు ఇంకా ఎలా మిగిలింది?

దానికి జవాబు నీటిలోనే ఉంది. నీటి అణువులన్నీ ఒకే బరువుండవు. కొన్నింటిలో కాస్త బరువైన ఆక్సిజన్ ఉంటుంది. మబ్బు కురిసినప్పుడు బరువైన అణువులు ముందుగా రాలతాయి. కాబట్టి సముద్రం నుంచి వచ్చిన మబ్బు ఒక్కటే దారి పొడుగునా కురుస్తూ పోతే, లోపలికి వెళ్లేకొద్దీ వాన నీరు తేలికవుతూ పోవాలి. సలాటి బృందం తీరం నుంచి లోతట్టు దాకా వాన నీటిని సేకరించి చూసింది. అనుకున్నంతగా తేలిక కావడం లేదు. కురిసిన బరువు నీటిని ఎవరో మళ్లీ మబ్బుకు అందిస్తున్నారు. ఆ పని చేస్తున్నది చెట్లు. వేళ్లు తాగిన నీటిని బరువు తేడా చూడకుండా ఉన్నదున్నట్టు ఆకులు గాలికి తిరిగిచ్చేస్తున్నాయి. అమెజాన్ తనకు కావలసిన వానలో దాదాపు సగాన్ని తానే పుట్టించుకుంటోందని అప్పుడు తేలింది.

వాన పడితే అడవి పెరుగుతుందని అందరికీ తెలుసు. అడవి ఉంటే వాన పడుతుందన్న మాట, మన పల్లెల్లో పెద్దలు అంటూ వచ్చిందే, అలా కొలతకు దొరికింది. బ్రెజిల్ శాస్త్రవేత్త ఆంటోనియో నోబ్రే అంచనా ప్రకారం అమెజాన్ అడవి రోజుకు దాదాపు 2,000 కోట్ల టన్నుల నీటిని ఆవిరిగా పైకి పంపుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్దదైన అమెజాన్ నది రోజుకు సముద్రంలో కలిపేది 1,700 కోట్ల టన్నులు. నేల మీది నది కన్నా గాలిలో పారే నది పెద్దది. బ్రెజిల్‌లో ఇలాంటి వాటిని ఎగిరే నదులనే పిలుస్తారు. ఆ తేమ ఆండీస్‌కు తగిలి దక్షిణానికి మళ్లుతుంది. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా పొలాల మీద కురుస్తుంది. అడవిని ఎన్నడూ చూడని రైతు ఆ అడవి చెమటతో పంట పండిస్తున్నాడు.

అయితే ఈ గొలుసు తెగనూ వచ్చు. తూర్పున అడవి కొట్టేస్తే పడమరకు అందే తేమ తగ్గుతుంది. తేమ తగ్గితే అక్కడి చెట్లు ఎండుతాయి, మంటలకు దొరుకుతాయి. మంటతో మరింత అడవి పోతుంది, మరింత తేమ పోతుంది. అమెజాన్‌లో 20 నుంచి 25 శాతం పోతే ఈ చక్రం ఎవరూ ఆపకుండానే నడిచిపోవచ్చని శాస్త్రవేత్తలు టామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే 2018లో హెచ్చరించారు. అప్పటికే సుమారు 17 శాతం పోయింది. లుసియానా గట్టి అనే శాస్త్రవేత్త బృందం విమానాల నుంచి ఏళ్ల తరబడి గాలి నమూనాలు తీసి 2021లో ఇంకో సంగతి చెప్పింది. ఆగ్నేయ అమెజాన్ ఇప్పుడు పీల్చుకునే కార్బన్ కన్నా వదిలే కార్బనే ఎక్కువ.

పడమటి కనుమల తేమ

మనకు వాన ఇచ్చేది ప్రధానంగా ఋతుపవనాలు, అడవులు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే అమెజాన్ కథను ఇక్కడ అతికించినట్టవుతుంది. అయినా పడమటి కనుమల అడవులు ఋతుపవనాల నుంచి అందుకున్న నీటిలో కొంత మళ్లీ గాలికి అందిస్తాయి. ఆ తేమ ద్వీపకల్పం మీద, ముఖ్యంగా తమిళనాడు మీద పడే నైరుతి వానకు తోడవుతుందని ఐఐటీ బాంబే పరిశోధకులు 2018లో చూపించారు. కృష్ణ మహాబలేశ్వరం దగ్గర, గోదావరి త్ర్యంబకం దగ్గర, తుంగ, భద్ర కర్ణాటక మలెనాడులో పుడతాయి. వాన ఆగిన నెలల్లో కూడా ఆ పాయల్లో నీరు కదులుతుండడానికి అక్కడి అడవి నేల కారణం. వాన చినుకు ముందు ఆకు మీద, తర్వాత ఎండుటాకుల పరుపు మీద పడి వేగం చచ్చి, వేళ్లు చేసిన సందుల్లోంచి నేలలోకి ఇంకుతుంది. నెమ్మదిగా ఊటగా బయటికొస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం జిల్లాకు తుంగభద్ర కాలువ ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

కోతులు చచ్చిన ఏడాది

ఇదే మలెనాడులో 1957లో ఇంకో కథ జరిగింది. శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలో క్యాసనూరు అడవి దగ్గర కొండముచ్చులు, కోతులు కుప్పలుగా చచ్చిపోయాయి. అడవికి కట్టెలకూ పశువుల మేతకూ వెళ్లినవాళ్లకు జ్వరం, విపరీతమైన ఒళ్లు నొప్పులు, కొందరికి ముక్కుల నుంచి, చిగుళ్ల నుంచి రక్తం. పుణె వైరస్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవాళ్లు మొదట హడలిపోయారు. కోతులు చావడం, వెంటనే మనుషులకు జ్వరం రావడం దక్షిణ అమెరికాలో పచ్చజ్వరానికి గుర్తు. భారతదేశం ఆ జబ్బును ఎన్నడూ చూడలేదు. పరీక్షిస్తే అది పచ్చజ్వరం కాదు, పిడుదుల ద్వారా పాకే కొత్త వైరస్. దానికి ఆ అడవి పేరే పెట్టారు. అక్కడి జనం మాత్రం మంగన కాయిలె, అంటే కోతి జబ్బు అంటారు. సోకినవారిలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురి ప్రాణం తీస్తుంది.

వైరస్ ఎక్కడి నుంచి ఊడిపడింది? రష్యాలో దీని బంధువులున్నాయి కాబట్టి వలస పక్షులు మోసుకొచ్చాయేమోనని వెతికారు. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నాయకత్వంలో పక్షుల కాళ్లకు వలయాలు తొడిగే పెద్ద కార్యక్రమం ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో నడవడానికి ఈ జబ్బు ఒక కారణం. పక్షుల మీద నేరం రుజువు కాలేదు. వైరస్ ఆ అడవిలో ఎప్పటి నుంచో నిశ్శబ్దంగా ఉండి ఉంటుందని, అడవి మారడంతో బయటపడిందని అక్కడ పనిచేసిన హోర్హే బోషెల్ 1969లో వాదించారు.

ఆయన వాదన ఒక్కో మెట్టూ చూడదగ్గది. పిడుదు తన జీవితంలో మూడుసార్లు మూడు వేర్వేరు జంతువుల రక్తం తాగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఎలుకలూ పక్షులూ, తర్వాతి దశలో కోతులూ మనుషులూ, పెద్దయ్యాక పెద్ద జంతువులు. దట్టమైన అడవిలో పెద్ద జంతువులు పలచగా ఉంటాయి కాబట్టి గుడ్లు పెట్టే దశకు చేరే పిడుదులూ తక్కువే. అడవిని వరి మళ్ల కోసం ముక్కలు చేశారు. అంచుల్లో పొదలు పెరిగాయి. ఆ పొదల్లోకి పశువుల మందలు వచ్చాయి. పశువుకు ఈ జబ్బు రాదు. కానీ పెద్ద పిడుదులకు దొరికిన పుష్కలమైన విందు అది. పిడుదులు వేలకు వేలు పెరిగాయి. వైరస్ ఎక్కిన కోతి చచ్చి కిందపడితే దాని ఒంటి మీది పిడుదులు చల్లారిన దేహాన్ని వదిలి చుట్టూ నేల మీద పరుచుకున్నాయి. ఆ దారినే మనిషి కట్టెలకు వెళ్లాడు.

ఇటీవలి పరిశోధనలు కూడా ఇటే చూపుతున్నాయి. అడవీ తోటలూ కలగలిసిపోయి, పశువులు ఎక్కువగా తిరిగే చోట్ల ఈ జబ్బు ముప్పు ఎక్కువ. అర్ధ శతాబ్దం పాటు దాదాపుగా శివమొగ్గ, దాని చుట్టుపక్కల జిల్లాల్లోనే తిరిగిన జ్వరం ఇప్పుడు కేరళ వయనాడులో, గోవాలో, మహారాష్ట్రలో కనిపిస్తోంది.

దీన్నిబట్టి అడవిని మన రోగనిరోధక శక్తి అనేయడం తొందరపాటు. అడవిలో వైరస్‌లు ఉంటాయి, దట్టమైన అడవిలోనూ ఉంటాయి. ఎన్నో జీవుల మధ్య ఏ ఒక్కటీ విపరీతంగా పెరగలేని స్థితిలో అవి అక్కడ ఉంటాయి. ముక్కలైన అడవిలో ఆ పట్టు సడలుతుంది. మన ఒంట్లో ఇదే జరిగినప్పుడు ఏమవుతుందో వైద్యులు దగ్గర నుంచి చూశారు.

మన పేగుల్లో

2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం మనిషి ఒంట్లో కణాలు సుమారు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు, ఎక్కువ భాగం పెద్దపేగులో. వందల జాతులు ఒకదాని మిగులు ఒకటి తింటూ బతుకుతాయి. బలమైన యాంటీబయాటిక్ వేసుకుంటే జబ్బు చేసిన క్రిమితో పాటు వీటిలో చాలా జాతులు తుడిచిపెట్టుకుపోతాయి. అప్పుడు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలె అనే క్రిమి పేగును ఆక్రమిస్తుంది. మామూలుగా పేగులోని కొన్ని బ్యాక్టీరియా పిత్తరసాన్ని మార్చి ఆ క్రిమికి సరిపడని పదార్థాలు చేస్తాయి. అవి పోయాక అడ్డు లేదు. ఆగని విరేచనాలు, మళ్లీ యాంటీబయాటిక్, మళ్లీ తిరగబెట్టడం.

నెదర్లాండ్స్ వైద్యులు 2013లో ప్రచురించిన ప్రయోగంలో ఇలాంటి రోగుల పేగుల్లోకి ఆరోగ్యవంతుల మలం నుంచి తీసిన ద్రావణాన్ని పంపారు. 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది, రెండోసారితో 15 మందికి. యాంటీబయాటిక్ మాత్రమే తీసుకున్న 13 మందిలో నయమైంది నలుగురికే. శత్రువును ఇంకా గట్టిగా కొట్టడం వల్ల కాక, పోయిన జాతులను తిరిగి ప్రవేశపెట్టడం వల్ల రోగం తగ్గింది.

ఫిన్లాండ్‌లో ఇంకో అడుగు వేశారు. కంకర పరిచిన శిశు సంరక్షణ కేంద్రాల ఆవరణల్లో అడవి నేలను, నాచుతో, బెర్రీ పొదలతో సహా తెచ్చి పరిచారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 రోజులు అందులో ఆడారు. వాళ్ల చర్మం మీద బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది. రక్తంలో రోగనిరోధక వ్యవస్థ అతిగా చెలరేగకుండా అదుపు చేసే సంకేతాలు బలపడ్డాయి. 2020లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నది, 75 మంది పిల్లలతో చేసింది. దానితో ఎలర్జీలు తగ్గుతాయని అప్పుడే అనకూడదు. కానీ బయటి అడవికీ లోపలి అడవికీ దారి ఉందని అది చూపించింది.

పోలిక ఆగే చోటు

ఒక అడవిని ఒక జీవిగా చూడాలని అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడెరిక్ క్లెమెంట్స్ 1916 నాటికే వాదించారు. ఇంగ్లండ్‌లో ఆర్థర్ టాన్స్‌లీ దాన్ని ఒప్పుకోలేదు. 1935లో ఆయన రాసిన విమర్శలోనే ‘ఎకోసిస్టమ్’ అనే మాట అచ్చులోకి వచ్చింది. శరీరంలోని కణాలు ఒకే తల్లి కణం సంతానం, ఒకే శరీరం కోసం పనిచేస్తాయి. అడవిలో ప్రతి జీవీ తన కోసం బతుకుతుంది. చల్లదనం, ఊట, వాన వాటి పొత్తులో పుట్టే ఫలితాలు. కాబట్టి అడవిని కాపాడడమంటే ఆ పొత్తును కాపాడడం. చెట్ల సంఖ్య దానికి కొలత కాదు. ఖమ్మం, కొత్తగూడెం వైపు కాగితం మిల్లుల కోసం వేసిన జామాయిల్ తోటలో చెట్లకు కొదవ లేదు. వాటికీ ఒక అవసరం ఉంది. కానీ అక్కడ ఒకే వయసు, ఒకే జాతి, కొన్నేళ్లకోసారి నరుకుడు. దాన్ని అడవి ఖాతాలో రాయడం రోగి పేరు మీద మరొకరి రిపోర్టు పెట్టడమే.

పోలిక ఆగే చోట మనకొక మంచి కబురు కూడా ఉంది. తెగిన చేయి మళ్లీ మొలవదు, కానీ మన ఆకురాల్చే అడవుల్లో మోడు చిగురిస్తుంది. టేకు, నల్లమద్ది నరికిన మొదలు నుంచి లేస్తాయి. తునికి వేళ్ల నుంచే పిలకలు వేస్తుంది. తునికాకు కోసం ఎండాకాలం ముందు పొదలు కొట్టే కూలీలకు ఇది ఏటా చూసే సంగతే. 1990లలో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు, మేపునూ మంటనూ గొడ్డలినీ ఊరు కట్టడి చేసుకోగలిగిన చోట మొక్క నాటకుండానే గుట్టలు పచ్చబడ్డాయి. నేల కింద వేళ్లు బతికి ఉండడమే దానికి కారణం. పొక్లెయిన్‌తో పైమట్టి గీకి చదును చేసిన నేలలో ఆ వేళ్లు ఉండవు, ఎండుటాకుల పరుపు ఉండదు, బూజూ ఉండదు. అక్కడ లక్ష మొక్కలు నాటినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. అందుకే గుంతలు తవ్వడానికి ముందు ఆ నేలను చూడాలి. వేళ్లు ఉన్నచోట కాపలాకు డబ్బు పెట్టాలి, లేని చోటే మొక్కలకు పెట్టాలి.